నోరులేని రోగి పక్షమున: అమెరికా మానసిక వైద్యులు, రాజకీయ విరాళములు

అడుగనిదే అమ్మయినను అన్నము పెట్టదని మన సామెత. అయితే అడుగుటకు నోరు లేనివాని గతి యేమి? కాలు విరిగినవాడు తన బాధను తానే చెప్పుకొనగలడు. కన్ను పోయినవాడు కచేరీ మెట్లు తడుముకొనియైనను ఎక్కగలడు. మతి చలించి నాలుగు గోడల నడుమ ఉన్నవాని మాటను లోకము మాటగా లెక్కింపదు. అతడు ఏ గుమ్మము ముందర నిలిచి యేమని అడుగగలడు? అతని పక్షమున మరియొకరు అడుగవలసినదే. అట్లు అడుగువారు ఎవరు? ఏ హక్కుతో అడుగుచున్నారు? చేత ఏమి పట్టుకొని పోవుచున్నారు? ఈ ప్రశ్నలకు అమెరికా సంయుక్త రాష్ట్రముల చరిత్రలో కొన్ని మంచి సమాధానములును, కొన్ని చేదు సమాధానములును కనబడుచున్నవి.

ఆ దేశపు మానసిక వైద్యులు నేడు తమ వృత్తి కొరకును, తమ రోగుల కొరకును ఎన్నికల అభ్యర్థులకు విరాళములు ఇచ్చుచున్నారు. వైద్యుడేమి, రాజకీయ నాయకునికి డబ్బిచ్చుటయేమి అని శ్రోతలలో కొందరికి తోచవచ్చును. మాకును మొదట అట్లే తోచినది. కాని ఈ ఆచారము ఎట్లు పుట్టినదో తెలిసికొన్న పిమ్మట, దానిని తొందరపడి మెచ్చుకొనుటయు, తొందరపడి నిందించుటయు రెండును తగవని తోచుచున్నది.

ఈ కథను వోటు హక్కయినను లేని ఒక స్త్రీతో ప్రారంభింపవలెను. డొరోథియా డిక్స్ అను ఉపాధ్యాయిని 1841వ సంవత్సరమున మసాచుసెట్స్ రాష్ట్రములోని ఈస్ట్ కేంబ్రిడ్జి కారాగారమునకు ఖైదీ స్త్రీలకు ఆదివారపు పాఠము చెప్పుటకై పోయెను. అచ్చట నేరస్థుల నడుమ, నిప్పుసెగ లేని గదులలో, ఏ నేరమును చేయని ఉన్మాద రోగులు పడియుండుట చూచెను. అటుపిమ్మట దాదాపు రెండేండ్లు ఆ రాష్ట్రములోని కారాగారములను, బీదల నుంచు గృహములను తిరిగి, చూచినది చూచినట్లు వ్రాసికొని, 1843 జనవరిలో శాసనసభకు ఒక విజ్ఞప్తి సిద్ధపరచెను. ఆనాడు సభలో స్త్రీకి స్థానము లేదు. అందుచేత సభ్యుడైన డాక్టరు శామ్యూల్ హోవ్ దానిని సభ ముందుంచెను. వూస్టర్ పట్టణములోని ఉన్మాద వైద్యశాలను విస్తరించుటకు సభ అంగీకరించినది.

ఆమె అంతటితో ఆగలేదు. 1848లో వాషింగ్టన్ నగరమునకు పోయి, ఉన్మాద రోగుల పోషణకై 50 లక్షల ఎకరముల ప్రభుత్వ భూమిని కేటాయింపవలసినదని కాంగ్రెసును కోరెను. కాంగ్రెసు భవనములోని గ్రంథాలయమున ఆమెకొక మూల చోటిచ్చిరి. సభ్యులు అచ్చటికే వచ్చి ఆమెతో మాటలాడుచుండిరి. కోరిక క్రమముగా పెరిగినది. 1854 నాటి బిల్లులో ఉన్మాద రోగులకు 1 కోటి ఎకరములు, అంధులకును మూగచెవిటివారికిని 22,25,000 ఎకరములు చేరినవి. ఉభయ సభలును ఆమోదించినవి. కాని అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ పియర్స్ 1854 మే 3వ తేదీన ఆ బిల్లును నిరాకరించి త్రిప్పి పంపెను. బీదలైన ఉన్మాద రోగుల భారమును కేంద్ర ప్రభుత్వము తలకెత్తుకొన్నచో రేపు దేశములోని బీదలందరి భారమును ఎత్తుకొనవలసి వచ్చుననియు, అది రాష్ట్రముల విధియే గాని తమది కాదనియు ఆయన వాదము. ఆరేండ్ల శ్రమ ఒక్క సంతకము లేకపోవుటచేత వ్యర్థమైనది. ఆ ఒక్క తీర్పు నీడ దాదాపు నూరేండ్లు ఆ దేశపు రోగుల మీద పడియున్నది.

ఈ కాలమున వైద్యులేమి చేయుచుండిరి? 1844 అక్టోబరు 16వ తేదీన ఫిలడెల్ఫియా నగరములో పదముగ్గురు ఉన్మాద వైద్యశాలల అధ్యక్షులు కూడి ఒక సంఘమును స్థాపించిరి. అమెరికాలో వైద్యుల జాతీయ సంఘములలో ఇది మొదటిదని చెప్పుదురు. 1921 నుండి దీనికి అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ అను పేరు నిలిచినది. ఆ పదముగ్గురిలో పెక్కురు రాష్ట్ర ప్రభుత్వముల ధనముతో వైద్యశాలలు నడుపువారు. ఇతర వైద్యునికి ఫీజు రోగి యిచ్చును. వీరికి రోగి దగ్గర పుచ్చుకొనుటకు ఏమియు లేదు. బొగ్గునకును, రొట్టెకును, కావలివాని జీతమునకును ఏటేట శాసనసభ వాకిట నిలువవలసినదే. కనుక రాజకీయము ఈ వృత్తికి నడుమ వచ్చిన అలవాటు కాదు, పుట్టుకతో వచ్చినది.

అయితే పందొమ్మిదవ శతాబ్దిలో డబ్బు ప్రవాహము వేరు దారిన సాగినది. ఆనాడు ప్రభుత్వోద్యోగులు తమ జీతములో కొంత భాగము పాలక పక్షమునకు చెల్లించు ఆచారముండెను. ఇష్టముండి కాదు, ఉద్యోగము నిలుచుటకు. కొన్ని రాష్ట్రములలో ఉన్మాద వైద్యశాలల ఉద్యోగులకును ఈ బెడద తప్పలేదు. గవర్నరు మారినచో వైద్యశాలాధ్యక్షుడు మారుటయు కద్దు. కేంద్రోద్యోగుల విషయమున 1883 నాటి పెండిల్టన్ చట్టము ఈ వసూళ్లను నిషేధించినది. విరాళమును గూర్చి మాటలాడునప్పుడు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను. పీడించి పుచ్చుకొనినదియు, ఇచ్చగించి యిచ్చినదియు ఒక్కటి కావు.

1908లో క్లిఫర్డ్ బీర్స్ అను యువకుడు ఉన్మాద వైద్యశాలలలో తాననుభవించిన హింసను గ్రంథముగా ప్రకటించెను. మరుసటి యేటనే మానసిక ఆరోగ్యమునకై ఒక జాతీయ సంఘమును నెలకొల్పెను. రోగియే నోరు విప్పి లోకమును నిలదీయుట ఆ దేశమున అపూర్వము కాకపోయినను, అంతగా చెవికెక్కినది ఇదియే.

పియర్స్ మూసిన తలుపును తిరిగి తెరచినది రెండవ ప్రపంచ యుద్ధము. సైన్యములో చేర్చుకొనుటకు పరీక్షింపబడిన యువకులలో పదిలక్షలకు పైగా మానసిక కారణములచేత నిరాకరింపబడిరి. ఈ లెక్క చూచి శాసనకర్తలు ఉలికిపడిరి. ప్రభుత్వ సర్వీసులోని మానసిక వైద్యుడు రాబర్ట్ ఫీలిక్స్ రూపొందించిన ప్రణాళిక చట్టమై, 1946 జులై 3వ తేదీన అధ్యక్షుడు ట్రూమన్ సంతకము పొందినది. డిక్స్ బిల్లు త్రిప్పి పంపబడిన 92 ఏండ్లకు కేంద్ర ప్రభుత్వము ఈ బాధ్యతను తనదిగా ఒప్పుకొనెను.

ఇచ్చట ఒక చిత్రము జరిగినది. చట్టము చేసిన కాంగ్రెసు దానికి చిల్లిగవ్వ యైనను కేటాయింపక సమావేశములు ముగించుకొని పోయెను. సలహా మండలి కూడవలెనన్నను రైలు ఖర్చులకు దారి లేదు. అప్పుడు ఫీలిక్స్ గ్రీన్‌ట్రీ ఫౌండేషన్ అను ధర్మసంస్థను ఆశ్రయించి 15,000 డాలర్లు తెచ్చి, ఆగస్టులో తొలి సమావేశమును జరిపించెను. 1949లో స్థాపితమైన జాతీయ మానసిక ఆరోగ్య సంస్థకు ఆయనయే మొదటి సంచాలకుడు. కాగితము మీది చట్టమునకును, దాని చేతికి వచ్చు ధనమునకును ఎంత దూరమో ఈ ఉదంతము తెలుపుచున్నది.

ఆ దూరమును తగ్గించు విద్యను నేర్చిన యిద్దరు స్త్రీలు ఉండిరి. ఒకరు మేరీ లాస్కర్, మరియొకరు ఫ్లోరెన్స్ మహోనీ. సంపన్న కుటుంబముల వారైన వీరు వైద్య పరిశోధనకు తోడ్పడు సభ్యుల ఎన్నికలకు విరాళములిచ్చుచు, నిపుణులైన వైద్యులను సభాసంఘముల ముందర సాక్ష్యమిప్పించుచు, ఏటేట కేటాయింపులు పెరుగునట్లు చూచిరి. ఓక్లహోమా రాష్ట్రపు ఉన్మాద వైద్యశాలల దుస్థితిని పత్రికలో బయటపెట్టిన మైక్ గోర్మన్ వారికి తోడయ్యెను. వైద్యుని శాస్త్రజ్ఞానము, దాత విరాళము, పత్రికారచయిత కలము ఈ మూడును ఒక్క త్రాటి మీద నడిచిన కాలమది. అమెరికా మానసిక వైద్యులు అప్పుడే ఒక పాఠము నేర్చిరి. సాక్ష్యమునకు పిలుపు రావలెనన్నచో ముందుగా పిలుచువారు సభలో ఉండవలెను.

1955 నాటికి ఆ దేశపు ప్రభుత్వ ఉన్మాద వైద్యశాలలలో అయిదున్నర లక్షలకు పైగా రోగులుండిరి. వారిని గోడల నడుమనుండి ఊళ్లలోనికి తెచ్చి, ఇంటికి దగ్గరగా చికిత్స చేయవలెనను సంకల్పముతో 1963 అక్టోబరు 31వ తేదీన అధ్యక్షుడు కెన్నెడీ ఒక చట్టముపై సంతకము చేసెను. కాని ఆ చట్టములో కేంద్రములు కట్టుటకు ధనమున్నది, వానిలో పనిచేయువారి జీతములకు లేదు. ఉద్యోగుల జీతములను ప్రభుత్వము భరించుట వైద్యవృత్తి స్వాతంత్ర్యమునకు ముప్పని అమెరికన్ మెడికల్ అసోసియేషన్ వాదించినది. ప్రతినిధి సభ ఆ భాగమును తొలగించినది. 1965లో గాని ఆ లోపము సవరింపబడలేదు.

శ్రోతలు ఈ ఘట్టమును జాగ్రత్తగా గమనింపవలెను. అడ్డుపడినవారు వైద్యులే. 1961లో ఎన్నికల విరాళముల కొరకు ప్రత్యేక సమితి నేర్పరచినదియు ఆ సంఘమే. వైద్యుడు అడిగినదెల్ల రోగి కొరకేనని నమ్ముటకు వీలులేదనుటకు ఇంతకంటె నిదర్శన మేమి కావలెను?

1965లోనే వృద్ధుల వైద్యమునకై మెడికేర్ అను పథకము వచ్చినది. అందులో ఇతర వ్యాధులకు బయటి చికిత్స ఖర్చులో రోగి నూటికి 20 వంతులు ఇచ్చుకొన్నచో చాలును. మానసిక వ్యాధికి మాత్రము నూటికి 50 వంతులు. మానసిక వైద్యశాలలో ఉండుటకు జీవితకాలమున 190 దినములు మాత్రమే హద్దు. గుండెకొక ధర, మనస్సుకొక ధర! ఈ అసమానత మీద వైద్యులును, రోగుల బంధువులును దశాబ్దములు పోరాడవలసి వచ్చినది.

పోరాటమునకు కావలసిన పనిముట్టు రూపము 1970 తరువాతి చట్టములతో స్థిరపడినది. 1971 నాటి ఎన్నికల ధన నియంత్రణ చట్టము, దాని 1974 నాటి సవరణలు విరాళములకు హద్దులు పెట్టినవి. ఏ వృత్తిసంఘమును సభ్యుల చందాసొమ్మును నేరుగా అభ్యర్థికి ఇయ్యరాదు. రాజకీయ కార్యాచరణ సమితి అని వేరుగా ఒక సంచి కట్టవలెను. అందులో సభ్యులు ఇష్టపూర్వకముగా మాత్రమే వేయవలెను. ఒక్కరు ఏడాదికి 5,000 డాలర్లకు మించి వేయరాదు. స్థిరపడిన సమితి ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క ఎన్నికకు 5,000 డాలర్లకు మించి ఇయ్యరాదు. ఏడాదిలో 200 డాలర్లు మించి యిచ్చిన ప్రతివాని పేరును, వృత్తియు బహిరంగముగా ప్రకటింపబడును.

మానసిక వైద్యుల సంఘము ఈ సంచిని ఆలస్యముగా కట్టినది. విద్యాధర్మ సంస్థగా పన్ను మినహాయింపు పొందిన సంఘము ఎన్నికలలో చేయి పెట్టరాదని అచ్చటి శాసనము. ఆ హోదాను మార్చుకొనిన పిమ్మటనే, ఇరువదియొకటవ శతాబ్ది ఆరంభమున, వారు తమ సమితిని నడుపగలిగిరి. ఉభయ పక్షముల అభ్యర్థులకును విరాళములు పోవుచున్నవి. అయిదువేల డాలర్లతో ఏ సెనేటరును కొనబడడు. అది కొనునది ఒక విందుబల్ల వద్ద ఒక ఆసనము, ఒక పావుగంట మాట. డిక్స్‌కు గ్రంథాలయపు మూలలో ఉచితముగా లభించిన ఆ పావుగంటకు నేడు వెల కట్టబడినదని చెప్పవచ్చును.

ఫలితములు ఎట్లున్నవి? 1996లో సెనేటర్లు పీట్ డొమెనిసీ, పాల్ వెల్‌స్టన్ అనువారు మానసిక వ్యాధులకు భీమాలో సమానత్వము కోరుచు ఒక చట్టము చేయించిరి. ఒకరు రిపబ్లికను, ఒకరు డెమొక్రాటు; తక్కిన విషయములలో ఉత్తర దక్షిణ ధ్రువములు. కాని డొమెనిసీ కుమార్తెకును, వెల్‌స్టన్ అన్నగారికిని మానసిక వ్యాధి యుండెను. ఇంటిలోని కన్నీరు వారిని ఒక్క బల్ల వద్దకు చేర్చినది. ఆ చట్టము సొమ్ము పరిమితులను మాత్రమే సమానము చేసినది గనుక భీమా సంస్థలు చికిత్స దినములను, వైద్యుని దర్శనముల సంఖ్యను తగ్గించి తప్పించుకొనినవి. ఆ కన్నము పూడ్చుటకు మరి 12 ఏండ్లు పట్టినది. 2002లో వెల్‌స్టన్ విమాన ప్రమాదమున మరణించెను. ప్రతినిధి సభలో ప్యాట్రిక్ కెన్నెడీ, జిమ్ రామ్‌స్టాడ్ అను ఇద్దరు సభ్యులు, తాము స్వయముగా వ్యసనముతో పోరాడినవారు, ఆ భారమును మోసిరి. 2008 అక్టోబరు 3వ తేదీన సమానత్వ చట్టము వెల్‌స్టన్, డొమెనిసీల పేరిట సంతకము పొందినది. అదే సంవత్సరము జులైలో మెడికేర్ లోని 50 వంతుల అన్యాయమును కూడ కాంగ్రెసు తొలగించినది; 2014 నాటికి అది క్రమముగా 20కి దిగినది. 190 దినముల హద్దు మాత్రము తొలగలేదు.

ఈ విజయము విరాళములదా? కాదనియే మేము చెప్పుదుము. సభలో మొదటి మాట పలికించినది కుటుంబముల దుఃఖము. 1979లో రోగుల బంధువులు నెలకొల్పిన జాతీయ సంఘము సభ్యుల ఇండ్లకు, కచేరీలకు తిరిగి తిరిగి చెప్పిన గోడు. కాని పన్నెండేండ్లలో ఎన్నికలు ఎన్ని వచ్చెను, సభ్యులు ఎందరు మారిరి! ప్రతి క్రొత్త సభ్యునికి తిరిగి మొదటినుండి కథ చెప్పవలెను. ఆ ఓపికకు డబ్బు కావలెను. దుఃఖము కార్యమును ప్రారంభించును. దానిని సంవత్సరముల తరబడి మోయుటకు సంస్థ కావలెను.

ఇక రెండవ ప్రక్క చూతము. 2002లో న్యూ మెక్సికో, 2004లో లూసియానా రాష్ట్రములు, వైద్యపట్టము లేని మనశ్శాస్త్రజ్ఞులకు, ప్రత్యేక శిక్షణ పొందినచో మానసిక వ్యాధుల మందులు వ్రాయు అధికారమిచ్చినవి. మానసిక వైద్యులు గట్టిగా ఎదిరించిరి. శరీరమును చదువనివాడు మందు వ్రాసినచో రోగికి ప్రమాదమని వారి వాదము. పల్లెలలో మానసిక వైద్యుడే దొరకనప్పుడు రోగి ఎవరి నాశ్రయించునని ఎదిరిపక్షము వాదము. 2010లో ఆరెగాన్ శాసనసభ అట్టి బిల్లు నామోదింపగా గవర్నరు నిరాకరించెను; 2014లో ఇల్లినాయ్ రాష్ట్రము అంగీకరించెను. ఉభయ వాదములలోను రోగి పేరు వినబడుచున్నది. ఉభయ వాదముల వెనుకను వృత్తి జీవనము దాగియున్నది. ఇట్టి చోట విరాళము ఎవరి కొరకని చెప్పుట ఇచ్చినవానికే కష్టము.

ఇంకొక సంగతి. 2008లోనే సెనేటరు గ్రాస్లీ, మందుల కంపెనీల నుండి మానసిక వైద్యుల సంఘమునకు ముట్టిన ధనపు లెక్కలు అడిగెను. మరుసటి యేడు సంఘము తన వార్షిక సభలలో కంపెనీల ఖర్చుతో నడుచు ప్రసంగములను, విందులను క్రమముగా మానివేయుటకు నిశ్చయించినది. ఒక చేత ఇచ్చువాడు రెండవ చేత ఏమి పుచ్చుకొనుచున్నాడో చూపవలసిన బాధ్యత కూడ ఆ చేతికే ఉన్నది.

ఈ కథతో తెలుగువారికి సంబంధము లేకపోలేదు. 1965లో అమెరికా వలస చట్టము మారిన పిమ్మట విశాఖపట్టణము, గుంటూరు, హైదరాబాదు మొదలగు చోట్ల చదివిన వైద్యులెందరో ఆ దేశమునకు పోయిరి. అక్కడి ప్రభుత్వ ఉన్మాద వైద్యశాలలు చాలకాలము విదేశముల నుండి వచ్చిన వైద్యుల మీదనే ఆధారపడినవి. అచ్చట పౌరసత్వము గాని, శాశ్వత నివాసపు హక్కు గాని పొందినవారు ఈ సంచిలో తామును విరాళము వేయవచ్చును. మన దేశమున 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, శరీర వ్యాధులతో సమానముగా మానసిక వ్యాధులకును భీమా కల్పింపవలెనని భీమా సంస్థలను ఆదేశించినది. అక్కడ బంధువులును వైద్యులును ఏండ్ల తరబడి పోరాడి సాధించిన మాట ఇక్కడి చట్టములో ఒక ఉపవిభాగముగా చేరినది. ఆచరణలో దానిని రాబట్టుకొనుటకు మాత్రము ఇక్కడను అడుగువారు కావలెను.

కనుక విరాళము తప్పా, ఒప్పా అని మేము తీర్పు చెప్పబోము. ఇచ్చినవాని పేరు లోకమునకు తెలిసినంత కాలము, హద్దులో ఉన్నంత కాలము అది ప్రజాస్వామ్యములో ఒక విధమైన విజ్ఞప్తియే. కాని అడుగువాడు ప్రతిసారి తన్ను తాను ఒక ప్రశ్న వేసికొనవలెను: ముందు వేసినది రోగి విస్తరా, తన విస్తరా? 1963లో వేసిన విస్తరియు, 2008లో వేసిన విస్తరియు ఒక్కటి కావు.

డొరోథియా డిక్స్ తన చివరి సంవత్సరములను న్యూ జెర్సీ రాష్ట్రములోని ట్రెంటన్ వైద్యశాలలో గడపెను. అది ఆమె విజ్ఞప్తి ఫలితముగా 1848లో తెరవబడిన వైద్యశాల. 1887లో అచ్చటనే కన్నుమూసెను. ఎవరి కొరకు అడిగెనో వారి కప్పు క్రిందనే ఆమెకు తుదిచోటు దొరికినది. ఇతరుల పక్షమున అడుగుటకు బయలుదేరువారు, చేత సంచి ఉన్నను లేకున్నను, ఒకసారి ఆ గదిని తలచుకొనుట మంచిది.